బీదల ఫస్టు

ఐదో తరగతి గదిలో ర్యాంకులు రాసే నల్లబోర్డును సిస్టర్ రోజారాణి తీయించేసింది. అది ఉన్నచోట గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. దాని మీద మరియమాత పటం పెట్టించింది కానీ పటం చిన్నది, చుట్టూ తెలుపు అలాగే కనిపించేది.

ఆ బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. కిందటి వేసవిలో శిక్షణకు పోయి వచ్చినప్పటి నుంచి క్యాథలిక్ శ్రీసభ సాంఘిక బోధనను బడిలో నడిపించి చూపాలని పట్టుబట్టింది. మనుషులందరికీ ఒకటే విలువ. అందరికంటే వెనుకబడ్డవాళ్లకు మొదటి వాటా. ఏదైనా తేల్చేటప్పుడు, అది ఎవరి మీద పడుతుందో వాళ్లే కూర్చొని తేల్చుకోవాలి. ప్రార్థన గంటలో ఈ మాటలు పిల్లలకు చెప్పేది. ఆఖరి ర్యాంకు వచ్చిన పిల్లలు బల్ల మీద తల వాల్చి ఏడవడం ఆమె చూసింది. అందుకే ముందుగా బోర్డు పోయింది.

పర్శరాములుకు ఆ బోర్డు పోవడం బాధయింది. అతను మరమగ్గాల షెడ్డులో సాంచె మీద కూలికి బట్ట నేస్తాడు. కూతురు నవీన ఆ తరగతిలో ప్రతి పరీక్షలోనూ అందరికంటే ముందుంది. కరీంనగర్‌లో సిస్టర్లదే పెద్ద బడి ఉంది. ఐదు పాసయిన పిల్లల్లో ఒకరికి అక్కడ ఏటా ఉచితంగా సీటిస్తారు, పదో తరగతి దాకా హాస్టల్‌తో సహా. ఎప్పుడూ అది ఫస్టు ర్యాంకుదే. పిల్ల ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి పర్శరాములు ఆ సీటు మీదే మనసు పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. భార్య రమకు మాత్రం తెలుసు.

ఏప్రిల్‌లో సిస్టర్ తల్లిదండ్రులను పిలిపించింది. పెద్దవాళ్లంతా పిల్లల బల్లల్లో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నారు.

"ఈసారి సీటు మార్కులకు ఇవ్వను. అవసరానికి ఇస్తాను. ఎవరి అవసరం పెద్దదో నాకంటే మీకే బాగా తెలుసు. మీరే చెప్పండి" అంది సిస్టర్.

పర్శరాములుతో పాటు షెడ్డులో నేసే సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు.

"అందరం బీదోళ్లమే ఉన్నం సిస్టర్. గీండ్ల అసలు సిసలు బీద ఎవరో ఏరుమంటే ఎట్ల? నేను లుంగీ మీద అచ్చిన, నాకే ఇయ్యుండ్రి."

నవ్వులు వినిపించాయి. సిస్టర్ కూడా నవ్వింది. నవ్వులు ఆగాక ఇంకో పిల్ల తల్లి పద్మలత లేచింది. ఆమె మనసు మంచిదే.

"నజీర్ భాయి ఆటో బోల్తవడి నడుమిరిగినకాడికెల్లి ఆళ్లింట్ల పొయ్యంటుకునుడే కష్టమైతుంది. మొన్న షాహిదక్క మా ఇంట్లకెల్లే బియ్యం తీస్కపాయె. ఆళ్ల బిడ్డ నూరీన్‌కు ఇస్తే పున్నెముంటది."

నజీర్ భార్య షాహిదా చివరి బల్లలో కూర్చొని ఉంది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. తల ఎత్తలేదు.

"అందరికీ సమ్మతమైతే చేతులెత్తండి" అంది సిస్టర్.

చేతులు లేచాయి. లేపినవాళ్లు ఒక్కొక్కరే పర్శరాములు వైపు చూశారు. సీటు ఎవరిది కావలసిందో అందరికీ తెలుసు. నజీరుద్దీన్ అతనికి చిన్నప్పటి దోస్తు. షెడ్డు నుంచి ఇంటికి పోతూ రోజూ ఆ ఇంట్లో చాయ్ తాగి పోయేవాడు. ఇప్పుడు చెయ్యి ఎత్తకపోతే ఏమంటారు? ఎత్తాడు. మోచేతికి దూది నలుసులు అంటుకొని ఉన్నాయి.

సిస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా, ఇదే సంఘీభావం" అంది.

ఇంటికి వచ్చాక రమ అడిగింది.

"చెయ్యి ఎత్తినవట?"

"ఎత్తిన."

"అందరు ఎత్తిండ్రు గద. నీ ఒక్కనిది లేకుంటే ఏం తక్కువగునో."

అతని ముందు కంచం పెట్టి లోపలికి పోయింది.

తరువాతి వారం నవీన బడి నుంచి వచ్చి సంచి మూలకు పడేసింది.

"నూరీన్ బడికి అస్తలేదు బాపు."

"ఎందుకు?"

"పోరగాండ్లు బీదల ఫస్టు, బీదల ఫస్టు అని పిలుస్తుండ్రు. ర్యాంకులు లేవు గద ఇప్పుడు, నీకే వచ్చింది ఫస్టు ర్యాంకు అంటుండ్రు."

"నువ్వన్నవా?"

"నేనన్లే."

కాళ్లు కడుక్కొని వచ్చి మళ్లీ అంది. "నవ్విన."

మర్నాడు షాహిదా బడికి పోయి సీటు వద్దని చెప్పింది. సిస్టర్ బతిమాలింది. అందరూ ప్రేమతోనే చేశారంది. "ప్రేమ ఉంటే ఇంటికచ్చి చెప్పాలె సిస్టర్. నా ఇంట్ల బియ్యం ముచ్చట గంతమందిల ఎందుకు? మేం బీదోళ్లమే, కాదంటలేను. గని దానికి చేతులు లేపించుకునేటోళ్లం కాము" అని వచ్చేసిందట. నూరీన్‌ను సర్కారు బడికి పంపుతానందట.

రెండు రోజులకు సిస్టర్ రోజారాణి షెడ్డు దగ్గరకు వచ్చింది. లోపలికి రాలేదు. ఎండలో గోడ వారన నిలబడి పర్శరాములును బయటికి పిలిపించింది.

"అందరి ముందు అడగదలచుకోలేదు. కరీంనగర్‌కు పేరు పంపాలి. నవీన పేరు పంపనా?"

అతను ఒంటి మీది దూది దులుపుకుంటూ నిలబడ్డాడు.

"శిక్షణలో చెప్పినట్టే చేశాను పర్శరాములు గారూ. బోధనలో తప్పు లేదు. నేనెక్కడ తప్పానో తెలియడం లేదు."

అతనికి తెలుసు, షాహిదాను ఒక్క మాటైనా ఎవరూ అడగలేదు. చెబుదామని నోటి దాకా వచ్చింది. లోపల పోగు తెగి సాంచె ఆగింది. షెడ్డు సేటు కేకేశాడు.

"రేపు చెప్త సిస్టర్" అని లోపలికి పోయాడు.

సాయంత్రం నజీరుద్దీన్ ఇంటికి పోయాడు. అతను మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. పర్శరాములు ఎప్పటిలా స్టూలు లాక్కొని కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది కానీ చాయ్ రాలేదు.

"సీటు ముచ్చటేనా పర్శన్నా? తీస్కో. నీ బిడ్డ సదువుతది."

"నిన్నడగకుంట ఎట్ల తీస్కుంట భాయ్."

"అడుగుడెందుకు. మాది కాదు గద."

కొంతసేపటికి నజీరుద్దీన్ పక్కకు ఒత్తిగిల్లడానికి చూశాడు. నొప్పికి మొహం ముడుచుకుంది. పర్శరాములు పట్టబోతే చేత్తో వద్దన్నాడు.

"అందరు చెయ్యి లేపిండ్రంట. లేపనియ్. ఆళ్లు బయటోళ్లు. నువ్వు రోజు నా ఇంట్ల చాయ్ తాగేటోనివి. గా చాయ్ తాగుకుంట మమ్ముల ఎట్ల జూసినవో నాకిప్పుడు సమజైంది."

"నా బిడ్డ సీటు ఇడిసిపెట్టి లేపిన భాయ్."

"గదే అంటున్న. దానం జేసినవ్."

పర్శరాములు లేచి స్టూలు గోడకు జరిపి వచ్చేశాడు. వాకిట్లో నూరీన్ గిన్నెలు తోముతూ ఉంది. రోజూ కాకా అని పిలిచే పిల్ల ఆ రోజు గిన్నె మీద నుంచి చూపు తిప్పలేదు.

మర్నాడు సిస్టర్‌కు సరేనని చెప్పాడు. ఆమె దండం పెట్టింది. ఇద్దరి మొహాల్లోనూ సంతోషం లేదు.

షెడ్డులో సిద్దిరాములు ఊరుకోలేదు. "మంచి ఉపాయమే చేసినవ్ పర్శరాములూ. చెయ్యి లేపి పేరు తెచ్చుకున్నవ్, సీటూ తెచ్చుకున్నవ్" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. పర్శరాములు సాంచెలో దారం కండె మార్చుకుంటూ పోయాడు.

జూన్‌లో కరీంనగర్ బడి తెరిచిన రోజు తెల్లవారుజామున రమ పిల్లకు జడ వేసింది. పర్శరాములు కొత్త పెట్టెను నెత్తిన పెట్టుకున్నాడు. బస్టాండుకు దగ్గరి దారి నజీరుద్దీన్ ఇంటి ముందు నుంచి పోతుంది. నవీన అలవాటుగా అటు తిరిగింది. తండ్రి తిరగలేదు. మురుగు మోరీ వెంట, గోదాముల వెనక నుంచి పోయే దూరపు దారి పట్టాడు.

పిల్ల మూల మీద కాసేపు నిలబడింది. ఆ వాకిట్లో అప్పటికే ఎవరో ఊడుస్తున్నారు, చీపురు చప్పుడు వినిపిస్తోంది. నవీన కొంచెం పరుగెత్తి తండ్రిని అందుకుంది. ఇటు నుంచి ఎందుకని అడగలేదు.