గాట్ల పట్టీ

వసుమతి కాగితప్పట్టీని ఎనిమిది మడతలు పెట్టి, అంచున కత్తెరతో గాటు పెట్టి విప్పింది. పట్టీ పళ్ళు పళ్ళుగా తెరుచుకుంది. వెనకవైపు మైదా జిగురు పలచగా రాసి, లేత గులాబిరంగు నీళ్ళు నింపిన సీసాకు నిలువుగా అతికించి, బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరింది. బుడగ లేదు, ముడత లేదు. ఆ సీసా పక్కకు జరిపి ఇంకో కాగితం తీసుకుంది.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోకు ఏడు మైళ్ళలో ఉన్న ఆ కొట్టులో, ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు కావలసిన సరుకు అమ్ముతారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఈస్టు పొట్లాలు, గాజు జాడీలు, రబ్బరు గొట్టాలు. ఇంట్లో కాచుకోవడం నేరం కాదని ప్రభుత్వం ఒప్పుకుని అప్పటికి అయిదారేళ్ళే అయింది. ముందుగదిలో యజమాని ఫ్రాంక్, వెనకగదిలో వసుమతి. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. బీరు వాసన తెలుసు గాని రుచి తెలియదు. జాడీలూ గొట్టాలూ కడిగే మందునీళ్ళు చిక్కగా కలిపి సీసాలకెత్తడం ఆమె పని. ఒక మోతాదు బకెట్టెడు నీళ్ళలో పోస్తే క్రిములు చస్తాయి. నేరుగా చేతికి తగిలితే తోలు లేస్తుంది. ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేవి.

సీసాలు ఎవరివి వాళ్ళే తెచ్చుకునేవారు. తాలూకా ఆసుపత్రిలో రోగులు తెచ్చుకున్నట్టే. ఆమె భర్త తిరుపతయ్య అక్కడ ముప్పై ఏళ్ళు కాంపౌండరు. దగ్గు మిక్చరు పోసి, ఎన్ని మోతాదులో తెలియడానికి సీసాకు గాట్ల పట్టీ అంటించి ఇచ్చేవాడు. ఆ పట్టీలన్నీ ఇంట్లో కూర్చుని కత్తిరించింది వసుమతే. బడికి పోలేదు, మందుసీసాల మీది పేర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంది. ఆయన పోయాక కూతురు విద్య దగ్గరికి వచ్చింది గాని, చేతులు ఊరుకోలేదు. ఆమె పట్టీ చూసి ఫ్రాంక్ మురిసిపోయాడు. "ఇదేదో బాగుంది వాసూ! పుర్రెబొమ్మ లేబుల్ నాది, పట్టీ నీది" అన్నాడు. అప్పటినుంచి ప్రతి సీసాకూ ఒక పక్క అతని ఎర్ర లేబులు, ఇంకో పక్క ఆమె పట్టీ.

మధ్యాహ్నం మజ్జిగ తీసుకుందామని ఈస్టు పొట్లాలుండే ఫ్రిజ్ తెరిచింది. రెండురోజుల కింద ఫ్రాంక్ అందులో పెట్టిన మందుసీసా చెమ్మగిల్లి ఉంది. దాని ఎర్ర లేబులు ఊడి, తడిసి, అరలో ముడుచుకుని పడింది. పట్టీ మాత్రం అంచు కూడా లేవలేదు. మన మైదా జిగురే నయం అనుకుంది వసుమతి. పెదవి మీదికి రాబోయిన నవ్వు అక్కడే ఆగింది.

పట్టీ ఒక్కటే మిగిలితే ఇది ఏం సీసా? గులాబిరంగు. ఎనిమిది మోతాదులు.

మొన్న శనివారం దామోదర్ ఇలాంటి సీసాయే నింపించుకుని వెళ్ళాడు. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఉండే ఇంజనీరు; బాత్‌టబ్ పక్కన జాడీ పెట్టి బీరు కాస్తాడు.

"ఎంత కడగమంటారు ఆంటీ! బీరుక్కూడా మడేనా?"

"మడి కాదు నాయనా, శుభ్రం. మూత బిగించి, వెలుతురు తగలకుండా చల్లని చోట పెట్టుకో."

"అయితే ఫ్రిజ్‌లో పడేస్తా. లేటైపోయింది, మా మామగారిని పిక్ చేసుకోవాలి. ఆయన దగ్గు ఫోన్‌లో వింటేనే భయమేసింది."

ఆమె ఇంకెవరిదో సీసాకు మూత బిగిస్తూ "ఊఁ" అంది. తల కూడా ఎత్తలేదు.

వసుమతి మజ్జిగ వదిలేసి ముందుగదిలోకి పరుగెత్తింది. ఖాతాదారుల పుస్తకంలో నంబరు వెతికి తిప్పింది. మోగింది, మోగింది. దామోదరూ, భార్య రేణూ ఆఫీసులో ఉంటారు. కొత్తగా వచ్చిన పెద్దాయన, అవతల ఇంగ్లీషు వినిపిస్తుందన్న భయంతో ఫోనెత్తడు. తనూ మొదటి ఏడాది ఎత్తలేదు.

"ఫ్రాంక్! కార్. ఇప్పుడే."

అతను ఆమె ముఖం చూసి తాళాలు తీసుకున్నాడు. ఏడు మైళ్ళలో నాలుగుచోట్ల ఎర్రదీపం పడింది. ఆగిన ప్రతిసారీ వసుమతి కాళ్ళు తనే బండి తొక్కుతున్నట్టు నేలకేసి అదిమిపెట్టింది.

రెండో అంతస్తులో తలుపు కొడితే, లోపలినుంచి దగ్గు వినిపించింది.

"ఎవరండీ?"

"అన్నయ్యగారూ, నా పేరు వసుమతి. మీ అల్లుడికి తెలిసినదాన్ని. తలుపు తీయండి."

"ఎవరొచ్చినా తీయొద్దంది మా అమ్మాయి."

"పోనీ తీయకండి. ఫ్రిజ్‌లో సీసా ఉంది, పట్టీ అంటించింది. దాన్ని ముట్టుకోకండి!"

లోపల అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి.

"మిక్చరా? ఇప్పుడేగా అమ్మా, ఒక డోసు వేసుకున్నా."

ఆయన గడియ తీశాడు. లక్ష్మీనారాయణ సన్నటి మనిషి. మెడకు మఫ్లరు, కళ్ళనిండా నీళ్ళు. పెదవులు ఎర్రగా కమిలాయి.

"మన సర్కారు మిక్చరు ఇక్కడా దొరుకుతుందనుకోలేదమ్మా. పట్టీ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎత్తి గొంతులో పోసుకున్నా, వాసన కూడా తెలీలేదు. భగ్గున మండిందనుకో." మళ్ళీ దగ్గాడు. "అల్లుడు గుర్తుపెట్టుకుని తెచ్చిన మందుకు వంక పెడతామా?"

వంటింటి గట్టు మీద, ఎర్ర లేబులు ఊడిపోయిన సీసా ఉంది. మందు సరిగ్గా మొదటి గాటు దగ్గర, గీత గీసినట్టు ఆగి ఉంది. ఒక్క చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. అంత బుద్ధిగా తాగాడు.

ఆమె ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపింది. ఉప్పునీళ్ళు పట్టి కక్కించడమే ఆమెకు తెలిసిన వైద్యం. విషం మింగినవాళ్ళకు సలహా చెప్పే కేంద్రంతో ఫోనులో మాట్లాడుతున్న ఫ్రాంక్ "నో! వాంతి వద్దు!" అని అరిచాడు. లోపలికి వెళ్ళేటప్పుడు కాల్చిన గొంతును బయటికి వచ్చేటప్పుడు కూడా కాలుస్తుందట. కొంచెం పాలు తాగించమన్నారు.

"ఎంత తాగాడని అడుగుతున్నారు, వాసూ."

"రెండు ఔన్సులు," అంది ఆమె. ఆ లెక్కలో ఆమెకు అనుమానమే లేదు. పట్టీ కత్తిరించింది తనే.

పాలు గుక్క గుక్కకూ ఆగి, ముఖం ముడుచుకుంటూ మింగాడు లక్ష్మీనారాయణ. అంబులెన్సువాళ్ళు వచ్చి స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే ఆమె కొంగు పట్టుకున్నాడు. మాట అప్పటికే బొంగురుపోయింది.

"మా అల్లుణ్ణి ఏమీ అనకమ్మా. చిన్నబుచ్చుకుంటాడు."

అంబులెన్సు కదిలేముందే ఆమె గోడవైపు తిరిగింది. డ్యూటీకి వెళ్తున్న తిరుపతయ్యను ఒకసారి సందు మలుపుదాకా చూసింది. ఆయన తిరిగి రాలేదు. ఆనాటినుంచి వెళ్ళేవాళ్ళను చూడదు.

నాలుగురోజులకు లక్ష్మీనారాయణ ఇంటికి వచ్చాడు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం గుసగుస దగ్గరే ఆగిపోయింది. దామోదర్ కొట్టుకు వచ్చి, తల వంచుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే ఆంటీ. ఫ్రిజ్‌లో పెట్టింది నేను."

"పట్టీ అంటించింది నేను నాయనా."

"మామయ్యగారు మిమ్మల్ని ఏమీ అనట్లేదు. పట్టీ ఎంత బాగా కోశారో అంటున్నారు."

ఆ మాటకు వసుమతి కత్తెర కింద పెట్టింది. మళ్ళీ తీయలేదు.

మర్నాడు పొద్దుటినుంచి అరల్లో ఉన్న సీసాలన్నీ వేడినీళ్ళలో నానబెట్టి పట్టీలు గీకింది. ఊడిరాలేదు. గోళ్ళతో, కత్తితో, ఇనప పీచుతో గీకింది. పళ్ళు పళ్ళుగా తెగిన కాగితం ముక్కలు తొట్టెనిండా తేలాయి. తర్వాత ఒక్కో సీసా మీద, నీళ్ళకు చెరగని ఇంకుతో, గాజు మీదే పుర్రెబొమ్మ వేసింది. అడుగున, తాగరాదు అని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసింది. ఆ కొట్టుకు తెలుగువాళ్ళు వచ్చేది నెలకు ఒకరో ఇద్దరో.

ఏప్రను మడిచి బల్ల మీద పెట్టింది.

"జిగురు మంచిది తెప్పిస్తాను వాసూ. రేపు వస్తావుగా?" అన్నాడు ఫ్రాంక్.

ఆమె తల అడ్డంగా ఊపింది. గుమ్మం దాటేటప్పుడు ఆ గదిని కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

గొట్టాల చుట్ట వెనక, కిటికీ గూట్లో ఒక సీసా ఆమె కంటబడలేదు. ఎండకు అందులోని గులాబి వెలిసి, ఘాటు పోయి, ఆకురాలు కాలానికి ఉత్త నీళ్ళయింది. పట్టీ మాత్రం అంచు కూడా లేవలేదు.