పావు తక్కువ రెండు గ్రాములు

వాన వెలిసింది.

అత్తారీన్ సందులో పరిచిన రాళ్లన్నీ తడిసి మెరుస్తున్నాయి. అక్కడి నుంచి సముద్రం కనపడదు — గాలి నిండా మాత్రం సముద్రమే. ఉప్పు. నాచు. ఎక్కడో వేగుతున్న చేపలు.

రెండు రోజుల తర్వాత అలెగ్జాండ్రియాకి ఎండ వచ్చింది. ఆ ఎండకి ఎదురుగా, రెండు వేళ్ల మధ్య, విదాద్ ఒక ముల్లుని పట్టుకుని చూస్తోంది.

చీమ కాలంత ముల్లు. దాని కొసన, కంటికి ఆనని వజ్రపు నలుసు.

విదాద్‌కి అరవై ఏళ్లు. పాతికేళ్లు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసింది. అది మూతపడ్డాక పాత రికార్డు ప్లేయర్లు బాగుచేయడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. విప్పి నేర్చుకుంది. చెడగొట్టి నేర్చుకుంది. “కళ్లజోళ్లావిడ ఇక పాటలకి కూడా అద్దాలు బిగిస్తుందట” అని సందులో మగవాళ్లు నవ్వుకున్నారు.

ఆమె బోర్డు మీద తన పేరు రాయించింది. పెద్ద అక్షరాలతో.

ఇవాళ ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్నాయన ఉస్తాద్ తుహామీ. ఎనభై మూడేళ్లు. ఇస్త్రీ చేసిన కోటు. ఒడిలో అట్ట పెట్టె. పెట్టెలో ఒక నల్లటి రికార్డు.

లోకంలో అది ఒక్కటే ఉంది.

ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు, ఒక చిన్న స్టూడియోలో వాళ్ల మేళం వాయించింది. ఆయన చేతిలో నాయ్ — రెల్లుతో చేసిన వేణువు. నమూనాగా మెత్తటి పూత మీద నేరుగా గాడి చెక్కి ఒక్క రికార్డు ఇచ్చారు. మిగతావి అచ్చువేసేలోగా స్టూడియో మూతపడింది. మేళంలో వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆ రికార్డు మిగిలింది. ఆయన మిగిలారు.

పోయిన ఏడాది డాక్టరు నాయ్ ముట్టుకోవద్దన్నాడు. ఊపిరితిత్తులు ఒప్పుకోవన్నాడు. ఇక వాయించి చూపించలేరు. ఇక… చెప్పుకోవడమే. చెప్తే నమ్మేదెవరు?

ఎదురు కాఫీ దుకాణం షల్బీ అసలు నమ్మడు. టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చేశాడు. వెనకే ఇద్దరు గిరాకీలు.

“పెద్దాయనా, ఇవాళైనా తేలిపోతుందా? మీరు నాయ్ ఊదారా, నాయ్ పెట్టె మోశారా?”

“ముందు నువ్వు పోసేది టీయో, గ్లాసులు కడిగిన నీళ్లో తేల్చరా షల్బీ,” అంది విదాద్.

గుమ్మంలో నవ్వులు. ఉస్తాద్ నవ్వలేదు. పెట్టె మీద చేయి తీయలేదు.

చేయి తీయకపోవడానికి కారణముంది. ఒకసారి వేరే బజారులో ఎవరో తొందరపడి ఆ రికార్డు మీద అరిగిన ముల్లు మోపారు. అంచున వేలెడు మేర గాడి బూడిద రంగుకి తిరిగింది. అక్కడ ఇప్పుడు గరగర తప్ప ఏమీ లేదు. మెత్తటి పూత… ముల్లు తిరిగిన ప్రతిసారీ ఇంత అరుగుతుంది. మంచి ముల్లయితే కొంచెం. చెడ్డదైతే, మొత్తం.

“తల్లీ, నీ చెయ్యి వణకదు కదా?” అన్నారాయన, మెల్లగా.

“వణికితే మీ రికార్డు ముట్టుకోను ఉస్తాద్.”

ప్లేయరు పాతది. ముల్లు బిగించే దాని కార్ట్రిడ్జ్ ఇంకా పాతది, అయినా ప్రాణమున్నది. దానికి సరిపడే ముల్లు తయారుచేసే వాళ్లు ఎప్పుడో మానేశారు. ఇది వేరెవరో అదే కొలతల్లో చేసిన కొత్త ముల్లు. నెల రోజులు ఎదురుచూస్తే వచ్చింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. ముల్లుని కార్ట్రిడ్జ్ ముందు నుంచి లోపలికి జరిపింది.

టిక్.

కూర్చుంది… పూర్తిగా కాదు. వెంట్రుకవాసి వదులు.

రికార్డు తిరిగే పళ్లెం మీద చిన్న అద్దం ముక్క పెట్టింది. ముల్లుని అద్దం మీద దించింది. భూతద్దంలోంచి చూసింది. పైన ముల్లు, కింద దాని ప్రతిబింబం. రెండూ ఒకే గీతలా నిలబడాలి. నిలబడలేదు. ఎడమకి ఒరిగింది.

ఆమె ముల్లు బయటికి లాగింది. పల్చటి కాగితంలోంచి గోరంత ముక్క కత్తిరించి, ముల్లు పిడి పక్కన అంటించింది. మళ్లీ లోపలికి. మళ్లీ అద్దం. ఈసారి కుడికి.

మళ్లీ బయటికి.

“అక్కా, మా మనవరాలికి పెళ్లయ్యేలోపు అవుతుందా?” అన్నాడు షల్బీ.

“ఆయన అరవై ఏళ్లు ఆగారు. నువ్వు ఒక గ్లాసు టీ చల్లారేదాకా ఆగలేవా?”

ఈసారి సగం ముక్క. టిక్.

అద్దంలో ముల్లు తన బొమ్మ మీద నిటారుగా నిలబడింది. ఒకే గీత.

ఇక బరువు. ముల్లుని మోసే చేతిలాంటి కడ్డీ వెనకున్న బిళ్లని తిప్పుతూ పోయింది. కడ్డీ పైకి లేచింది, కిందికి వంగింది, ఊగింది… ఊగి, గాలిలో నిలిచింది. నీళ్ల మీద పడవలా. అక్కడి నుంచి కొద్ది కొద్దిగా బరువు పెంచింది. కంసాలి తూకం మీద ముల్లు మోపి చూసింది. తక్కువైతే ముల్లు గాడిలో గెంతుతుంది. ఎక్కువైతే గాడిని దున్నేస్తుంది.

పావు తక్కువ రెండు గ్రాములు. అంతే కావాలి.

అంతే వచ్చింది.

పారేయాల్సిన పాత రికార్డు ఒకటి వేసి వింది. మొదట్లో. మధ్యలో. చివర్లో, గాడి ఇరుకయ్యే చోట. పాటలో ‘స’ పలికిన చోట గొంతు ఎక్కడా చిట్లలేదు. పాతికేళ్లు అద్దాల అంచులు తడిమిన వేళ్లు ఆమెవి. ఆ వేళ్లని ఒక్కసారి తనే చూసుకుంది.

“ఇవ్వండి ఉస్తాద్.”

ఆయన ఇచ్చారు.

బూడిద రంగు అంచు దాటించి, మంచి గాడి మొదలయ్యే చోట, ఆమె ముల్లు దించింది.

ముందు సన్నటి సవ్వడి. తడి ఇసుక మీద నీరు వెనక్కి వెళ్తున్నట్టు. తర్వాత ఊద్ వాద్యం తీగలు. వయొలిన్లు. ఆ పైన — నాయ్.

పొడుగాటి స్వరం. ఎక్కడా తెగని స్వరం. సందులోకి పోయింది. గోడల్ని ఆనుకుని పైకి లేచింది. దారినపోయేవాళ్లు ఆగారు.

షల్బీ నోరు తెరిచాడు. “అబ్బ… పెద్దాయనా! ఇది మీరేనా?”

తల ఊపితే చాలు. ఒక్కసారి ఊపితే చాలు. కాదనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఉస్తాద్ తుహామీ నడుము నిటారు చేసి కూర్చున్నారు.

“కాదు. అది మా గురువు. అలా వాయించడం నాకు ఏనాడూ రాలేదు.”

ఆయన వేలెత్తి రికార్డు వైపు చూపించారు.

“నాది ఇప్పుడొస్తుంది. చిన్నదే. ఆగు.”

గురువు స్వరం దిగింది. వయొలిన్లు తగ్గాయి. ఒక్క క్షణం ఖాళీ. ఆ ఖాళీలో రికార్డులోంచి ఊపిరి వినిపించింది. ఎవరో కుర్రవాడు రెండు గుక్కలుగా గాలి పీల్చుకున్నాడు. ఒకటి పొట్టిది. ఒకటి పొడుగుది.

సరిగ్గా అప్పుడే కుర్చీలో ముసలాయన ఛాతీ లేచింది. రెండు గుక్కలు. ఒకటి పొట్టిది… ఒకటి పొడుగుది.

షల్బీ రికార్డు వైపు చూశాడు. ఆయన వైపు చూశాడు. చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాడు.

స్వరం వచ్చింది. సన్నగా. కొంచెం బెదురుతూ. తర్వాత బెదురు పోయి, అలల మీది పక్షిలా ఒక్కసారి ఒరిగి, తేలి… ముగిసింది.

అరనిమిషం ఉంటుందేమో.

ఆ ఊపిరి వినపడాలంటే ముల్లు గాడి అడుగు దాకా నిటారుగా దిగాలి. వెంట్రుకవాసి ఒరిగినా అది గరగరలో కలిసిపోయేది. ఆ సంగతి ఆ గదిలో ఒక్క విదాద్‌కే తెలుసు. తెలిస్తే చాలనిపించింది. ఆమె తల దానంతట అదే పైకి లేచింది.

“ఉస్తాద్,” అన్నాడు షల్బీ. పెద్దాయనా అనలేదు. “ఉస్తాద్… ఇంకొక్కసారి వేయించండి.”

విదాద్ కడ్డీ పైకెత్తి ఉంది. కింద రికార్డు తిరుగుతూనే ఉంది. వేసిన ప్రతిసారీ ఇంత అరుగుతుంది. ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆయన వైపు చూసింది.

ఆయన గుమ్మం వైపు చూస్తున్నారు. అక్కడ ఇప్పుడు పది మంది ఉన్నారు. బేరాలు వదిలేసి వచ్చినవాళ్లు. వాన నీళ్లలో నిలబడ్డవాళ్లు. ఒక్కరూ నవ్వడం లేదు.

ముల్లు గాలిలో ఆగి ఉంది. ఆమె చెయ్యి వణకడం లేదు.

ఉప్పుగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

ముసలాయన మళ్లీ వాయించబోతున్నట్టు గాలి పీల్చుకున్నారు — ఒకటి పొట్టిది…