తువ్వాలు కింద చేతులు

మా అత్త అంకాలమ్మ పక్కబట్టలు సోడా వేసి ఉడకబెట్టడం ఆ నెలలో అది అయిదోసారి. అరవై రెండో సంవత్సరం మాట. సముద్రం పక్కనే ఉన్నా మా పల్లెలో మంచినీళ్లకు ఇసుకలో చెలమ తవ్వుకోవాల్సిందే. నేను పన్నెండు బిందెలు మోసి నీళ్ల గాబు నింపితే, ముందు మా ఆయన మాలకొండయ్య స్నానం, తర్వాత ఆయన బట్టలు, ఆ తర్వాత అత్త, మిగిలితే నేను. నింపినదానికి అడుగునీళ్లు. ఈ వరుస ఎవరు పెట్టారని నేనెప్పుడూ అడగలేదు.

అత్తకు డెబ్బై దాటాయి. మొదట గజ్జి వచ్చింది. ఇప్పుడు తొడల మీదా పొట్ట మీదా ఉసిరికాయలంత బొబ్బలు. ఒకటి చితికితే చాలు, చీర ఒంటికి అతుక్కుపోతుంది. నేను నీళ్లతో తడిపి, మెల్లగా ఊడదీస్తాను. ఆ మంటలోనూ ఆమె నన్ను తిట్టడం మానలేదు.

"ఇది నీ పుట్టింటి గజ్జి. మా ఇంట్లో ఎవురికీ లేదు."

నాకు ఒళ్లు మండేది. అయినా చీర తడుపుతూనే ఉండేదాన్ని. ఆ గజ్జి ఎక్కడిదో నాకు తెలుసు.

వేటకాలంలో మా ఆయన రేవు దగ్గర గుడిసెలో పదిమందితో కలిసి పడుకుంటాడు, దుప్పట్లు ఎవరివి ఎవరు కప్పుకుంటారో లెక్క ఉండదు. ఇంటికొచ్చిన రోజు నుంచీ వేళ్ల సందులు గోక్కుంటూనే ఉన్నాడు. చలి ఎక్కువగా ఉందని తన దుప్పటే తల్లికి కప్పాడు, ప్రేమతోనే. కానీ ఆయన మా పల్లెకు పెద్దకాపు, తగువులు తీర్చే మనిషి. నలుగురిలో కూర్చుంటే చేతులు తువ్వాలు కింద దాచుకునేవాడు. మొదటిసారి నెల్లూరు ఆసుపత్రికి వెళ్తూ బండిలో నాకు ఒకటే మాట చెప్పాడు.

"డాక్టరు అడిగితే నీకే ముందొచ్చిందని చెప్పు. కాపుకి గజ్జంటే తగువుకి ఎవుడొస్తాడు? నా సంగతి చెప్పబాక."

డాక్టరు జీవానందం గారు అడగనే అడిగారు. నేను తల వంచుకుని, "నాకేనండి" అన్నాను. కూరలో ఉప్పు వేసినంత అలవాటుగా వచ్చింది ఆ అబద్ధం. ఆయన గంధకం మందు ఇచ్చి, దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకేరోజు మెడ నుంచి పాదాల దాకా రాసుకోమన్నారు. అత్తా నేనూ రాసుకున్నాం. "ఆ కంపు కొట్టుకుంటా తగువులో ఎట్టా కూర్చునేది?" అని మా ఆయన రాసుకోలేదు. పది రోజులు తగ్గినట్టే తగ్గి, దురద మళ్లీ మొదలైంది. ఆ తర్వాతే బొబ్బలు లేచాయి.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరు గారు ఆ బొబ్బలను చాలాసేపు చూశారు.

"ఇది గజ్జి ఒక్కటే కాదమ్మా. ఒంటికి కాపలా ఉండాల్సిందే తిరగబడి సొంత చర్మాన్ని చెడగొడుతోంది. ముసలివాళ్లకు వస్తుంది. గజ్జి వల్లే రేగిందా అంటే తేల్చి చెప్పలేను, నాకు అనుమానం మాత్రం ఉంది. దీనికి మాత్రలున్నాయి, కానీ గజ్జి ఉండగా అవి వేస్తే గజ్జి ఇంకా ముదురుతుంది. మీ ఇంట్లో ఎవరో మందు రాసుకోలేదు. ఎవరు?"

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అత్త బల్ల మీద మూలుగుతోంది. ఈ బొబ్బల్లో నా అబద్ధం పాలెంతో అనుకునేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆయన పరువును నేను మోశాను, ఆమె ఒళ్లు మోసింది.

"మా ఆయనండి," అన్నాను. "ముందొచ్చింది గూడా ఆయనకే. పోయినసారి నేను అబద్ధం చెప్పినాను."

"ఏందే ఆ మాటలు," అన్నాడు మా ఆయన. డాక్టరు గారు లేచి మా ఆయన చేతుల మీది తువ్వాలు పక్కకు తీశారు. అత్త తల తిప్పి కొడుకు చేతులు చూసింది. తిరిగొచ్చేటప్పుడు బండిలో నా భుజం మీద తల ఆన్చి, "ఇంటికి పోగానే ఆ దుప్పటి తగలెయ్ కామీ" అంది.

మర్నాడు పొద్దున గాబు నింపాను. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఎప్పటిలాగే ముందుకొచ్చాడు. నేను గాబుకి అడ్డం నిలబడి మందు డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

"ఈ నీళ్లు అత్తకి, నాకు. నీకు కావాలంటే బిందె అక్కడ ఉండాది."