పండుగప్పతో రత్తమ్మ బేరం

కథల్లో సముద్రం రాజుగారి కోట పక్కన బుద్ధిగా పడుకుంటుంది. ఉప్పాడలో మాత్రం వీధులకు వీధులు మింగి, ఇంకా ఆకలంటుంది. రత్తమ్మ ఇళ్ళు ఇప్పటికే రెండు దాని పొట్టలో ఉన్నాయి. మూడో ఇంటి కిటికీలకు చిలకాకుపచ్చ రంగు వేసి ఆవిడ ఇంకా మురిసిపోతూనే ఉంది, అలలు వంటింటి గోడ దాకా వచ్చేశాయి.

ఆ పొద్దున మొగుడు బుజ్జిబాబు వలలో పడిన పండుగప్ప చేప నోరు తెరిచి మాట్లాడింది.

"నన్ను వదిలెయ్యండి. ఒక్క వరం ఇస్తాను."

బుజ్జిబాబు ఇసకలో కూలబడ్డాడు. రత్తమ్మ బెదరలేదు. వరాలిచ్చే చేపల కథలు ఆవిడ ఎరుగును. మేడలు అడిగినవాళ్ళు, కిరీటాలు అడిగినవాళ్ళు చివరికి గుడిసెకే వచ్చారు. అత్యాశకు పోకూడదు.

"మేడలొద్దు. సముద్రం మా జోలికి, మా ఇంటి జోలికి రాకుండా చూడు, చాలు."

"దానికేం తల్లీ, వందేళ్ళు రానివ్వను" అంది చేప.

అక్కడే వచ్చింది చిక్కు. రత్తమ్మ పరికిణీ కట్టిన నాటి నుంచీ పడవల దగ్గర చేపలు కొని పిఠాపురంలో అమ్ముతోంది. ఒడ్డున ఎవరు ఏ అంకె చెప్పినా సగానికి సగం తగ్గించి అడగడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత సహజం.

"వందా? పొద్దున్నే నేనే దొరికానా నీకు? ఇరవై చెయ్యి."

చేపలకు రెప్పలుండవు గానీ, ఉంటే ఆ చేప తప్పక ఆర్పేదే.

"ఇరవై మరీ తక్కువమ్మా. యాభై వేసుకో" అంది మెల్లగా.

"నీ మొప్పలు చూస్తేనే తెలుస్తోంది నీ సంగతి. పది."

"ఒసేయ్, నువ్వు అడుగుతోంది..." అన్నాడు బుజ్జిబాబు.

"బేరం మధ్యలో నోరెత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఐదు. ఇస్తే ఇయ్యి, లేకపోతే ఇంకో చేపని చూసుకుంటాను."

"సరే, ఐదు" అని చేప వలలోంచి జారి నీళ్ళలో మాయమైంది.

సముద్రం వెనక్కి జరిగింది. వంటింటి వెనక తడి ఇసక బయటపడింది. రత్తమ్మ కొంగు నడుముకి దోపింది.

"ఎంత తొందరగా ఒప్పుకుందో చూశావా? ఇంకో రెండు తగ్గించాల్సింది."

బుజ్జిబాబు నవ్వలేదు. "నువ్వు తగ్గించినవి మన ఇంటి ఏళ్ళే రత్తాలూ" అన్నాడు.

రత్తమ్మ నీళ్ళ వైపు పరుగెత్తింది.

"పండుగప్పా, వందకే తీసుకుంటాను. నువ్వు చెప్పిన అంకెకే."

చెప్పిన అంకెకు ఒప్పుకోవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. కానీ వినేవాళ్ళు అందాలి కదా. ఆవిడ అడుగు ముందుకేసినప్పుడల్లా సముద్రం, ఇచ్చిన మాట ప్రకారం, ఒక అడుగు వెనక్కి వేస్తోంది.