సిలువ కింద గడియారం

నేను ఒక గోడగడియారాన్ని. మా వాడ గుడిలో సిలువకు సరిగ్గా కింద, మేకుకు కట్టిన తాడుతో వేలాడతాను. ఆదివారం ఆరాధనలో జనం సిలువ కంటే నన్నే ఎక్కువసార్లు చూస్తారు. నా కోపం అక్కడ మొదలైంది.

ఎక్కడో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్కు పోసి నన్ను చేశారు. తెనాలి దుకాణంలో దుమ్ము కొట్టుకుపోతున్న నన్ను సంఘపెద్ద జక్కరయ్యగారు కొన్నారు. కొని ఊరుకున్నారా? ‘కీ.శే. తిమోతిగారి జ్ఞాపకార్థం, కుమారుడు జక్కరయ్య’ అని నా ముఖం మీద ఎర్రరంగుతో రాయించారు. పోయిన తండ్రి పేరు కంటే ఉన్న కొడుకు పేరే లావు. అంకెలు ఆ పేర్ల చాటున బిక్కుబిక్కుమంటుంటాయి.

పూర్ణహృదయంతో స్తుతిస్తామని పాడుతూనే ఒకావిడ ఇంట్లో కోడికూర సంగతి పక్కావిడ చెవిన వేస్తుంది. కళ్లు మూసుకున్నాయన, పొలానికి నీళ్ల వంతు తప్పుతుందేమోనని ఒక కన్ను తెరిచి నన్ను చూస్తాడు. కూరా నీళ్లూ వద్దని నేననను, కడుపులున్నవాళ్లు. కానీ దేవుడికిచ్చిన ఆ కాస్త సేపట్లోనూ ఆయనకు మిగిలేది ఆవలింతలేనా?

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం, ఆఖరి దీవెన చెప్పబోతుండగా తబిత రొప్పుకుంటూ గుడిలోకొచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. కూతురు రూతుకు డెంగీ. మొగుణ్ణి ఆసుపత్రి మంచం దగ్గర కూర్చోబెట్టి బస్సెక్కి వచ్చింది.

“అయ్యగారండీ, పిల్లకి పేట్లెట్లు పడిపోయినయ్యంట. రేత్తిరి నుంచీ కళ్లు తెరవట్లా. ఒక్కపాలి అందరూ మోకాళ్లూనండయ్యా!”

పాస్టరుగారు నన్ను చూశారు. జక్కరయ్యగారు గొంతు సవరించుకుని, వేలితో నన్నే చూపించారు. “ఇప్పటికే పొద్దుపోయింది అమ్మాయ్. వచ్చే ఆదివారం ప్రార్థన అంశాల్లో పెడదాంలే.”

వచ్చే ఆదివారమట! దోమ తెచ్చిన జ్వరానికి ఈయన వాయిదా వేస్తాడు! నేను ఊడి ఆయన నెత్తిన పడితే బాగుండనిపించింది. పాడు తాడు, గట్టిది.

దీవెన అయిపోయింది. చాప మధ్యలో మోకాళ్లూనిన తబితను దాటుకుంటూ జనం చెప్పుల కోసం తోసుకున్నారు. ఖాళీ గుడిలో ఆమె ఎంతో సేపు ఏడ్చింది, అడిగింది, దెబ్బలాడింది కూడా. ఒక్కసారైనా నా వంక చూడలేదు. నన్ను చూడని మనిషిని ఆ గుడిలో అదే మొదటిసారి చూడటం.

రూతు బతికింది. రెండు వారాలకు తల్లి కొంగు పట్టుకుని గుడికొచ్చింది. పాస్టరుగారు పొంగిపోయి, “మన సంఘమంతా కార్చిన కన్నీటిని ప్రభువు చూశాడు, హల్లెలూయా!” అన్నారు. ఎవరి కన్నీళ్లయ్యా? నా ఒళ్లు మండిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది జక్కరయ్యగారే.

“ప్రభువు చేసిన మేలుకి సాక్ష్యం రెండు ముక్కల్లో చెప్పమ్మాయ్, టైమైపోతంది,” అన్నదీ ఆయనే.

తబిత సాక్ష్యం చెప్పలేదు. మూలనున్న స్టూలు లాక్కొచ్చి ఎక్కి, నన్ను గోడవైపు తిప్పేసింది.

“ఓసి నీ దుంపతెగ! మా నాయన పేరు కనపడట్లేదే!”

“పైనున్నాయనకి కనపడుద్దిలే పెదనాయనా,” అంది దిగుతూ. “ఆ పొద్దు మోకాళ్లూనమంటే మీకు తీరలా. ఇయ్యాల ఊనండి.”

ఇప్పుడు నా ముఖానికి సున్నం తప్ప ఏమీ కనపడదు. వినపడుతుంది మాత్రం. ముందు తబిత మోకాళ్లు చాపకు తగిలాయి. పక్కనే రూతువి, చిన్నవి. ఆపైన ఎవరూ కదల్లేదు. చివరికి ముసలి కీళ్లు పటపటమంటూ వంగాయి. దగ్గును బట్టి జక్కరయ్యగారని పోల్చుకున్నాను. ఆయన వెనక ఒకరూ, ఇద్దరూ, ఆపైన గుడంతా.

ఒక్క ఆదివారంతో నా కోపం చల్లారుతుందనుకోకండి. రేపెవరో వచ్చి నన్ను మళ్లీ తిప్పుతారు. అందాకా ఈ సున్నం చూస్తూ ఉంటాను. ఆ రోజు ఎంతసేపు ప్రార్థించారని మాత్రం నన్నడక్కండి. చెప్పను.