మూడోసారి అడిగితే

మార్లిస్ ట్వైట్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళ లాయరు వృత్తిలో దొంగల్ని చూసింది, అబద్ధాలకోర్లని చూసింది, కోర్టు మెట్ల మీదే జుట్లు పట్టుకున్న అన్నదమ్ముల్ని చూసింది. వాళ్ళందరితోనూ వేగింది గానీ ఈ ఓరిన్ స్కోగ్‌స్టాడ్‌తో వేగడం ఆమె వల్ల కావడం లేదు. మనిషి మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచేలా ఉంది.

"ఓరిన్ గారూ, సూటిగా అడుగుతున్నాను. మీ పొరుగాయన వెర్లిన్ దొంగవలలు వేస్తున్నాడని మీకు తెలుసా, తెలీదా?"

"తెలుసంటే... మనిషన్నాక ఏదో ఒకటి అనిపిస్తుంది కదమ్మా."

"అనిపించిందా, తెలిసిందా?"

"ఈసారి మంచు తొందరగా కరిగింది సుమండీ," అన్నాడాయన, కిటికీలోంచి డులూత్ రేవు వైపు చూస్తూ.

మార్లిస్ పెన్ను బల్ల మీద పడేసింది. ఏదడిగినా ఇదే వరస. అడిగిన దానికి తప్ప అన్నిటికీ జవాబులుంటాయి ఆయన దగ్గర.

వెర్లిన్ ఆక్రే చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు కింద వలలు వేసి, చట్టం ఒప్పే లెక్కకు మించి వాలై చేపలు పట్టి, పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో శుక్రవారం చేపల వేపుడు పెట్టే బార్లకు అమ్మాడు. చేప రాష్ట్రం దాటింది కాబట్టి కేసు ఫెడరల్ ప్రభుత్వం చేతిలోకి పోయింది. వెర్లిన్ పట్టుబడి, నేరం ఒప్పేసుకుని, శిక్ష కోసం ఎదురు చూస్తున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తెలిసీ చెప్పలేదని, పైగా సాక్ష్యం దాచిపెట్టాడని ఓరిన్ మీద కూడా కేసు పెట్టారు. రుజువైతే మూడేళ్ళ దాకా జైలు.

తెలిసి నోరు మూసుకున్నంత మాత్రాన ఆ చట్టం ప్రకారం నేరం కాదు. దాచడానికి ఏదో ఒక పని చేసి ఉండాలి. సర్కారు వాళ్ళు చూపిస్తున్న పని ఏమిటంటే, వెర్లిన్ మంచుగుడిసెని, అంటే సరస్సు మంచు మీద నిలబెట్టి లోపల కూర్చుని చేపలు పట్టే చెక్కగదిని, ఓరిన్ తన ట్రాక్టరుతో లాక్కొచ్చి, సొంత షెడ్డులో పెట్టి, నీలం టార్పాలిన్ పట్టా కప్పడం. వలలూ చేపలూ ఆ గుడిసెలోనే దొరికాయి.

దానికి మార్లిస్ దగ్గర గట్టి జవాబే ఉంది. మార్చిలో గడువు లోపల సరస్సు మీద గుడిసెలన్నీ ఒడ్డుకు చేర్చకపోతే జరిమానా పడుతుంది. వెర్లిన్‌కి తుంటి ఆపరేషన్ అయింది. ఏటా సగం ఊరి గుడిసెలు లాగేది ఓరిన్ ట్రాక్టరే. షెడ్డులో పెట్టేదీ, పట్టా కప్పేదీ కూడా ఆయనే. ఈ మాట చెప్పడానికి ఇరుగుపొరుగు వాళ్ళు చర్చికి తయారైనట్టు తయారై సిద్ధంగా ఉన్నారు.

చిక్కల్లా షెడ్డు చూడ్డానికొచ్చిన ఫెడరల్ అధికారితో ఈయనగారు అన్న మాటతోనే.

"అసలు ఆ షెడ్డు తలుపు ఎందుకు తియ్యలేదండీ?" అని అడిగింది మార్లిస్.

"బురదమ్మా. ఆయన బూట్లు పాడవుతాయని."

"బూట్లా! మీకు దండం పెడతాను, ఆ మాట కోర్టులో మాత్రం అనకండి," అని ఫైలు మూసేసింది.

ఆమె కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని పేరు ఆర్డిస్. ఓరిన్ భార్య. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆవిడ ఎడమచేత్తో చేసే సైగలు ఈ భూమ్మీద ఓరిన్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఈయన జైలుకెళితే ఆవిడ ఏ వృద్ధాశ్రమంలోనో దాహమేస్తోందని చెప్పే దిక్కు లేక పడుంటుంది. ఆ సంగతి తలుచుకుంటే మార్లిస్‌కి అన్నం సయించడం లేదు. ఈయనేమో మంచు కరగడం గురించి మాట్లాడతాడు!

విచారణ రోజు పొరుగువాళ్ళు చక్కగా చెప్పారు. జ్యూరీలో కూర్చున్నవాళ్ళు తలలూపారు. అంతా సవ్యంగా జరుగుతోందనుకునే లోపల అధికారి బోను ఎక్కాడు. అరిజోనా నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. మర్యాదస్థుడే.

"కాఫీ ఇచ్చారు, నిమ్మకాయ కేకు ముక్కలు పెట్టారు," అన్నాడు. "షెడ్డులో ఏముందని అడిగితే, అబ్బే, ఏముంటుంది అన్నారు. ఓసారి చూడొచ్చా అంటే, ఎందుకులెండి, అంతా చెత్త, మీ బూట్లు పాడవుతాయి అన్నారు. సరేనని వచ్చేశాను. వారెంటు తీసుకుని మళ్ళీ వెళితే అన్నీ అక్కడే ఉన్నాయి."

జ్యూరీ మొహాలు వాడిపోయాయి. ఇక ఓరిన్‌ని బోను ఎక్కించక తప్పింది కాదు. మార్లిస్ అడిగినంతసేపూ గుడిసెలు లాగడం గురించి బాగానే చెప్పాడు. తర్వాత సర్కారు లాయరు బ్రానన్ లేచాడు. టెక్సస్ కుర్రాడు, ఉరకలేస్తున్నాడు.

"ఆ అధికారి షెడ్డు చూడకూడదనే మీరలా అన్నారు. అవునా?"

"అయ్యో, అంత మాటెందుకు బాబూ."

"చూడకూడదనే అన్నారా, లేదా?"

"అప్పటికే ఆయన కాఫీ చల్లారిపోతోందండీ. ఇంకొంచెం పొయ్యనా అని..."

జ్యూరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మార్లిస్ నవ్వలేదు. ఓరి భగవంతుడా, ఈ మనిషి తన ఉరితాడు తనే పేనుకుంటున్నాడు, అనుకుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అందులోనూ ఇలా నీళ్ళు నమిలేవాడు మరీ లోకువ.

బ్రానన్ మొహం జేవురించింది. "ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ షెడ్డులో ఉన్నది దాచాలనే మీరు ఆయన్ని వెనక్కి పంపించారా?"

మార్లిస్ చివాలున లేచింది. "అభ్యంతరం! అడిగిందే అడుగుతున్నారు!"

అభ్యంతరం సరైనదే. కానీ ఆమె లేచింది అందుకు కాదు, భయమేసి. ఓరిన్ ఏం చెబుతాడో ఆమెకి తెలీదు. ఇన్ని నెలలుగా ఆ మనిషి ఎదురుగా కూర్చుని కూడా తెలీదు.

జడ్జి ప్రెస్టెగార్డ్ ఆ సరస్సుల మధ్య పుట్టి పెరిగినవాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడోసారేగా అడిగింది. కూర్చోండమ్మా. మీరు చెప్పండి, ఓరిన్."

ఓరిన్ గొంతు సవరించుకున్నాడు. ఎన్నడూ లేనిది, ఎదుటి మనిషి కళ్ళలోకి చూశాడు.

"లేదు బాబూ. దాచాలని కాదు. ఆయన మళ్ళీ అడుగుతాడనుకున్నాను. ఎవరైనా ఏదైనా అడిగితే మొదటిసారి ఎందుకులెండి అంటాం. రెండోసారీ అంటాం. మూడోసారి కూడా అడిగాడంటే నిజంగా కావాలన్నమాట, అప్పుడు కాదనం. తాళంచెవి నా జేబులోనే ఉంది. చేత్తో పట్టుకునే నుంచున్నాను. ఆయన థాంక్యూ అని వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగేదాకా మెట్ల మీదే చూస్తూ నుంచున్నాను."

బ్రానన్ నోరు తెరిచాడు గానీ ఓరిన్ ఇంకా ఆపలేదు.

"వెర్లిన్ మీద నా అంతట నేను వెళ్ళి చెప్పలేను. ఆర్డిస్ పడిపోయిన రోజు ఆసుపత్రికి మోసుకెళ్ళింది వాడే. కానీ అడిగితే దాచేవాణ్ణి కాదు. చలికాలమంతా ఆ సంగతి గుండెల మీద బండలా ఉంది. ఎవరైనా గట్టిగా అడిగితే బాగుండునని చూశాను బాబూ. ఒక్కరూ అడగలేదు."

జ్యూరీ ముందు వరసలో ఒక ముసలావిడ అధికారి వైపు తిరిగి, పెట్టిన కంచం ముందు నుంచి లేచిపోయినవాణ్ణి చూసినట్టు చూసి, పెదవి విరిచింది. బ్రానన్ ఇంక ప్రశ్నలు లేవన్నాడు.

మధ్యాహ్నం కాఫీ వేళకల్లా జ్యూరీ తిరిగొచ్చింది. నిర్దోషి అన్నారు.

కోర్టు వరండాలో ఆర్డిస్ చక్రాల కుర్చీలోంచి ఎడమచేత్తో ఓరిన్ చొక్కా పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు. ఆయన వంగి ఆవిడ నుదుటికి తన నుదురు ఆనించాడు. మార్లిస్‌కి కళ్ళు చెమర్చాయి. తర్వాత, అన్నాళ్ళ దిగులూ ఒక్కసారి కోపమై పొంగుకొచ్చింది.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదండీ?" వరండా అదిరేలా అరిచింది. "జేబులో తాళంచెవి పట్టుకుని నుంచున్నానన్న ముక్క! కేసంతా దాని మీదే నడిపేదాన్ని కదా! నిద్ర లేదు, తిండి లేదు, మీరు నోరు విప్పితే ఏమొస్తుందో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకు తిరిగాను!"

ఓరిన్ టోపీ చేతుల్లో తిప్పుతూ నేల చూపులు చూశాడు.

"చెబుదామనే అనుకున్నానమ్మా. తలుపు ఎందుకు తియ్యలేదని అడిగారు కదా, మీ ఆఫీసులో."

"అడిగాను! బూట్లన్నారు!"

"అన్నాను. తర్వాత మీరు మళ్ళీ అడగలేదు."

 మార్లిస్ తల్లిదీ ఆ సరస్సు ఒడ్డే. రెండోసారి వడ్డిస్తానన్నప్పుడు వద్దనడం, మూడోసారికి కంచం ముందుకు జరపడం ఆమె ఆ ఇంట్లోనే నేర్చుకుంది.

బెంచీ మీద కూలబడింది. కాసేపటికి సంచీ భుజాన వేసుకుని లేస్తూ, "ఇంకేమైనా ఉందా, నాకు చెప్పనిది?" అంది.

"అబ్బే, ఏముంటుందమ్మా," అన్నాడు ఓరిన్.

మార్లిస్ సంచీ కింద పెట్టి మళ్ళీ కూర్చుంది.

"ఇంకేమైనా ఉందా, ఓరిన్ గారూ?" అని మళ్ళీ అడిగింది.