నిమ్మచెట్టు పురుగు

నా చేతిలో ప్రాణాలు వదిలిన పురుగులకు లెక్కాపత్రం లేదు. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్తాను. వంగ ఆకులు తిరగేసి, దొరికినదాన్ని దొరికినట్టు సబ్బునీళ్ళ డబ్బాలో పడేస్తాను. మందు మాత్రం కొట్టను. జన్మంతా వాచీలు బాగుచేసి బతికినవాణ్ణి, వేళ్ళతో అయ్యే పనికి సుత్తి ఎత్తడం నాకు చేతకాదు. "పురుగులతో పంతాలకు పోయే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటుంది మా ఆవిడ. ఆవిడ వండే వంకాయలు మాత్రం ఆ పంతంలోంచి వచ్చినవే.

మా అమ్మాయి ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చింది. ఉయ్యాల కొనిపెట్టుకున్న ఇంటికి వెళ్ళనంది. నెలలు నిండాక, కాన్పుకు ముందే, కడుపులో బిడ్డ పోయింది. వచ్చాక ఆ మాట తను ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అల్లుడు సెలవురోజున వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఎండల గురించి మాట్లాడి వెళ్ళేవాడు. మంచివాడే. మంచివాళ్ళమందరం కలిసి ఆ పిల్ల చుట్టూ నోళ్ళు కుట్టుకుని తిరిగేవాళ్ళం.

దాన్ని గదిలోంచి బయటికి రప్పించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. ఒక పొద్దున్న తలుపు తట్టి, "చిక్కుళ్ళకు పేనుబంక పట్టిందమ్మా. నా కళ్ళు ఇదివరకట్లా లేవు. కాస్త వచ్చి చూడు" అన్నాను. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి.

వచ్చింది. వాచీలకు వాడే భూతద్దం చేతికిచ్చాను. కంటికి బిగించుకుని చిక్కుడాకు వెనక్కి తిప్పి, "ఛీ, కదుల్తున్నాయి" అంది.

"కదిలేవాటిని తడిబట్టతో తుడిచెయ్. ఇదిగో, ఇలా ఉబ్బి గోధుమరంగుకి తిరిగినవి ఉన్నాయే, వాటి జోలికి పోకు."

"ఏం?"

"అవి ఉత్త డొల్లలు. కందిరీగల్లో ఒక జాతి ఉంది, నలుసంత ఉంటుంది. పేను ఒంట్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల్లోపలే తిని పెరిగి, గుండ్రంగా బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. బెజ్జం కనిపించిందా? అదొచ్చి ఇంకో పేను మీద పడుతుంది. మనవాళ్ళు వీళ్ళు. జీతం అడగని కూలీలు."

అమ్మాయి చాలాసేపు అద్దంలోంచి చూసింది. "లోపల అలా అవుతున్నట్టు దానికి తెలుస్తుందా నాన్నా?"

"పేనుకేం తెలుస్తుందమ్మా" అని, నీళ్ళు తెస్తానంటూ అక్కణ్ణుంచి జారుకున్నాను.

అది మొదలు రోజూ వచ్చేది. కూరపాదుల మీద బూడిద చల్లేది, వెల్లుల్లి నీళ్ళు పిచికారీ కొట్టి చేతులు వాసన చూసుకుని మొహం చిట్లించేది. ఒకరోజు నిమ్మచెట్టు దగ్గర నేను డబ్బా పట్టుకుని నిలబడి ఉండగా, కొమ్మ మీదున్న ఆకుపచ్చ పురుగుకి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"దీన్ని ఉండనీ నాన్నా. సీతాకోకచిలుక అయ్యేదాకా చూస్తాను."

"లేత ఆకులన్నీ బొక్కేస్తోంది. చెట్టేమైనా వాళ్ళ తాత పాతాడా?"

పెదవి చివర ఒక నవ్వు లాంటిది కదిలింది. ఇంటికొచ్చాక అదే మొదటిది. చెట్టంతా మోడైపోయినా నాకిక లెక్కలేదు. "సరే, ఈ కొమ్మ దానికి రాసిచ్చేశాను" అన్నాను.

ఆ తరవాత ఆ పురుగు మా ఇంట్లో అల్లుడికి లేని మర్యాదలు అందుకుంది. ఎండ పడితే అమ్మాయి గొడుగు తెచ్చి కట్టేది. పిట్టలు వాలితే చప్పట్లు కొట్టేది. కంచం అక్కడికే తెచ్చుకుని, పీట వేసుకుని, దానితో పాటు తనూ తినేది. తినడం! అంతకుముందు మెతుకులు కెలికి లేచిపోయే పిల్ల. ఒక సాయంత్రం ఫోన్లో భర్తతో, "ఇది ఎగిరాక ఇంటికి వస్తాను" అనడం వంటింట్లోకి వినిపించింది. మా ఆవిడ పొయ్యి వైపు తిరిగి చెంగుతో కళ్ళొత్తుకుంది. దేవుడు ఒక పురుగు రూపంలో కరుణించాడనుకుని నేనూ పొంగిపోయాను.

ఒక మధ్యాహ్నం అమ్మాయి నిద్రపోతుండగా వెళ్ళి చూశాను. పురుగు సన్నటి దారంతో కొమ్మకు నడుం కట్టుకుని, చర్మం విడిచి, మెత్తటి పచ్చ గూడుగా మారి ఉంది. దాని వీపు మీద తళతళలాడే నలుసొకటి కూర్చుంది. మనవాళ్ళే. జీతం అడగని కూలీలే. గూడు గట్టిపడకముందే గుడ్లు పెట్టాలని కాచుకుని కూర్చునే రకం అది. ఇంకో రోజైతే "రా తల్లీ" అని దారి ఇచ్చేవాణ్ణి. ఉఫ్ మని ఊదేశాను. అది తన పని ముగించుకుని, గూట్లో దించిన తోక పైకి తీసి, తీరిగ్గా ఎగిరిపోయింది.

మా ఆవిడకు చెప్పాను. "అమ్మాయితో అనకండి. ఇప్పుడిప్పుడే నాలుగు ముద్దలు తింటోంది" అంది. ఆవిడ అనకముందే నేనూ అదే అనుకున్నాను.

రోజులు గడిచేకొద్దీ గూడు పచ్చదనం పోయి ఎర్రమట్టి రంగుకి తిరిగింది. బతికున్న గూడైతే వేలు తగిలితే మెలి తిరుగుతుంది. ఇది కదల్లేదు.

"రంగు మారింది. టైం దగ్గరపడింది కదా నాన్నా?"

"ఆ, దగ్గరపడిందమ్మా" అన్నాను. ఆ మాట నా నోటితో ఎలా అన్నానో నాకే తెలీదు.

ఒకరోజు తెల్లవారి చూసేసరికి గూటికి నలుసంత గుండ్రటి బెజ్జం పడి ఉంది. తుంచి పారేసి, ఎగిరిపోయిందని చెప్పేద్దామనుకున్నాను. తుంచి గుప్పిట్లో పెట్టుకునేసరికి అమ్మాయి వెనకే వచ్చి నిలబడింది.

"అయ్యో, ఇప్పుడే ఎగిరిపోయిందమ్మా! ఒక్క నిమిషం ముందు రావాల్సింది. పసుపూ నలుపూ రెక్కలు, ఇంతేసి. గోడ మీద కాసేపు వాలి, అటు వెళ్ళిపోయింది." అబద్ధానికి రంగులు వేయడం కూడా నాకు వచ్చని ఆరోజే తెలిసింది.

అమ్మాయి గోడ వైపు చూడలేదు. చెయ్యి చాపింది. "ఆ పెంకు ఇలా ఇవ్వు, దాచుకుంటాను."

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? నా చొక్కా జేబులోంచి అద్దం తీసి కంటికి పెట్టుకుని, ఆ పెంకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"సీతాకోకచిలుక ఈ బెజ్జంలోంచి ఎలా వస్తుంది నాన్నా?"

నేను వంగి, కింద రాలిన నిమ్మాకులు ఏరసాగాను.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"గూడు కట్టిన రోజునుంచీ."

"అమ్మకి?"

"తెలుసు."

తల ఊపింది. అరిచినా బాగుండేది. "ఆస్పత్రిలోనూ అంతే కదా. సాయంత్రం స్కాన్ అవగానే మీ అందరికీ చెప్పేశారు. మా అత్తయ్య నోరు జారింది మొన్న. నాకు మాత్రం తెల్లారాక చెప్పారు. ఆ రాత్రంతా నేను దాంతో మాట్లాడుతూనే ఉన్నాను నాన్నా."

"నువ్వు ఆ ఒక్క రాత్రయినా నిద్రపోతావని…"

"నిద్రపోలేదు. ఇంకా తన్నట్లేదేంటే బద్ధకం పిల్లా అని తిడుతూ కూర్చున్నాను."

మడి గట్టు మీద కూలబడ్డాను. మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, వంటింటి గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. "నాకు బిడ్డని చూపించలేదు కూడా. చూస్తే మర్చిపోలేవన్నారు. చూడకపోతే మర్చిపోతానా? నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ వద్దనలేదు.

"జుట్టు ఒత్తుగా ఉందమ్మా. తడిసి నుదుటికి అంటుకుపోయింది. చెవులు మీ ఆయనవే, కాస్త బయటికి. గడ్డం మీద నీకున్నట్టే చిన్న సొట్ట."

కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇంకా?"

"ఎడమ చెయ్యి గుప్పిట మూసి ఉంది. కుడి చెయ్యి తెరిచే ఉంది. గోళ్ళు… జన్మంతా చిన్నచిన్న వాటితోనే బతికాను కదా, అంత చిన్నవి అంత పూర్తిగా ఉండటం నేనెక్కడా చూడలేదు."

"ఇంకా?"

ఇంకా లేదు. నర్సు పాదాల మీది గుడ్డ తొలగించబోతుంటే, చూడలేక నేనే తల తిప్పేసుకున్నాను. ఆ మాట కూడా దానికి చెప్పాను.